పెంటకుప్ప వేరు, కంపోస్టు వేరు: ఒక ఎకరం మిరప నేర్పిన పాఠం

ముందు కెమెరా కొంచెం దగ్గరికి జరుపుతాను, నా చేతులు చూడండి. ఎడమ చేతిలో ఉన్నది మా కొట్టం వెనక పెంటకుప్ప మీంచి తీసింది. కుడి చేతిలో ఉన్నది అదే కొట్టం పేడ, అదే గడ్డితో మూడు నెలల కింద మేం పెట్టిన కంపోస్టు. ఎడమ చేతిలో గడ్డి ఇంకా గడ్డిలాగే కనబడుతోంది. పేడ ఉండలు ఉండలుగా ఉంది, వాసన కూడా వస్తోంది. కుడి చేతిలోది నల్లగా, పొడిపొడిగా ఉంది. ఇందులో ఏది గడ్డో ఏది పేడో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. వాసన చూస్తే తొలకరి వాన పడ్డప్పుడు మట్టి వాసన వస్తుంది చూడండి, అలా ఉంటుంది.

రెండూ ఒకే కొట్టంలోంచి వచ్చినవే. కానీ కుడి చేతిలోది పొలంలో వేస్తే పంటకి తిండి. ఎడమ చేతిలోది వేస్తే పంటతో పోటీ. ఈ తేడా తెలియక నేను ఒక ఎకరం మిరప పాడుచేసుకున్నాను. ఈ రోజు ఎపిసోడ్ ఆ తేడా గురించే.

మాది వరంగల్ వైపు. మూడేళ్ల కింద డిగ్రీ అయిపోయి ఇంటి దగ్గరే ఉన్నాను. ఫోన్‌లో వీడియోలు బాగా చూసేవాణ్ణి. రసాయన ఎరువులు మానేయండి, పశువుల ఎరువు వేయండి, చాలు అని చెప్పే వీడియోలు. నాకు నచ్చింది. కొట్టం వెనక ఏడాదిగా పోసిన పెంటకుప్ప ఉంది, ఇంకొంచెం పక్క ఊర్లో కొన్నాం. ఒక ఎకరం కౌలుకి తీసుకుని మిరప పెట్టేముందు నాన్నతో గొడవపడి మరీ దుక్కి మందు ఆపించాను. డీఏపీ ఒక్క బస్తా కూడా వద్దు, ఎనిమిది ట్రాక్టర్ల పెంట తోలుతున్నాం కదా అన్నాను. అది కూడా నారు వేసే పది రోజుల ముందు తోలించాను.

నాన్న ఒకటే మాట అన్నాడు. "పెంట మంచిదేరా, కాదన్న. గని అరిగినంక వెయ్యాలె."

నాకు ఆ మాట అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు.

నారు వేసిన ఇరవై రోజులకి మొక్కలు పచ్చబడాల్సింది పోయి పసుపు రంగులోకి తిరిగాయి. కింది ఆకులు ముందు పాలిపోయాయి. పక్క చేనులో మిరప కొమ్మలు వేస్తుంటే మాది జానెడు దగ్గరే ఆగిపోయింది. ఇంకోపక్క కలుపు మాత్రం ఎప్పుడూ లేనంత వచ్చింది. ఊద, గరిక, వయ్యారిభామ, ఒకటని కాదు. మామూలుగా అయ్యే కలుపు తీతల కంటే రెండు ఎక్కువ పడ్డాయి. చివరికి నాన్నే యూరియా తెచ్చి పై మందుగా వేశాడు. మొక్క కోలుకుంది కానీ కాలం పోయింది కదా. ఆ ఎకరం మీద కౌలు డబ్బులు, కూలి డబ్బులు కూడా పూర్తిగా తిరిగి రాలేదు. డబ్బు కంటే ఎక్కువ బాధపెట్టింది ఏంటంటే, ఆ తర్వాత ఏడాది దాకా నేను ఏం చెప్పినా నాన్న వినలేదు. వినకపోవడం న్యాయమే.

సరే, అసలు ఏం జరిగింది? మూడు తప్పులు జరిగాయి. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది, పసుపు రంగు. మట్టిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటాయి. గడ్డిని, పేడని చివికించేది అవే. వాటికి బలం కోసం కర్బనం కావాలి, ఒళ్లు పెరగడానికి నత్రజని కావాలి. మనకి అన్నం, పప్పు లాగా అనుకోండి. ఎండుగడ్డిలో కర్బనం బోలెడు, నత్రజని చాలా తక్కువ. అంటే అన్నం ఉంది, పప్పు లేదు. అలాంటి అరగని గడ్డిని నేను పొలంలో వేసేసరికి, ఆ జీవులు పప్పు కోసం మట్టిలో ఉన్న నత్రజనిని లాక్కున్నాయి. అదే నత్రజని మిరప వేరుకి అందాల్సింది. వేరు కంటే సూక్ష్మజీవి చాలా వేగంగా తింటుంది, పోటీలో గెలిచేది అదే. గడ్డి పూర్తిగా చివికాక అవి చచ్చిపోయి ఆ నత్రజని మళ్లీ మట్టిలోకి వస్తుంది. కానీ అప్పటికి మన పంట వయసు అయిపోతుంది. నాన్న అన్న "అరగడం" ఇదే. మనం పొలంలో అరిగించాం, అది కుప్పలో అరగాలి.

రెండోది, కలుపు. పశువులు మేసిన గడ్డి గింజల్లో కొన్ని కడుపులో అరగకుండానే పేడలోకి వస్తాయి. కుప్ప సరిగ్గా వేడెక్కితే ఆ గింజలు చచ్చిపోతాయి. మా కుప్ప ఎప్పుడూ వేడెక్కలేదు. అంటే నేను ఎనిమిది ట్రాక్టర్ల కలుపు విత్తనం కూడా కలిపి చల్లానన్నమాట.

మూడోది, సత్తువ. ఆ కుప్ప వానాకాలమంతా ఎండకీ వానకీ ఆరుబయటే ఉంది. వాన పడ్డప్పుడల్లా కుప్ప కింది నుంచి టీ డికాషన్ లాంటి నీళ్లు కారేవి. మనమందరం చూసే ఉంటాం. ఆ నీళ్లలో పోయేది మన పొటాష్, మన నత్రజని. ఎండ తగిలినప్పుడు ఘాటు వాసన వచ్చేది. అది అమోనియా, అంటే నత్రజని గాలిలోకి పోతోందని అర్థం. ఇక పశువుల మూత్రం సంగతి చెప్పనే అక్కర్లేదు, కొట్టం మట్టిలోకి ఇంకిపోయేది. పశువు బయటికి వదిలే నత్రజనిలో పెద్ద భాగం, పొటాష్‌లో ఎక్కువ భాగం మూత్రంలోనే ఉంటుంది. మేం ఎత్తి కుప్పలో పోసింది పేడ ఒక్కటే.

ఈ పెంటని ఒక్కో చోట ఒక్కోలా పిలుస్తారు. మా వైపు పెంట, గుంటూరు వైపు దిబ్బ ఎరువు, శ్రీకాకుళం, విజయనగరం వైపు గెత్తం. పేరు ఏదైనా వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేటప్పుడు "బాగా చివికిన పశువుల ఎరువు" అంటారు. మనం పశువుల ఎరువు అన్న మాట పట్టుకుని "బాగా చివికిన" అన్న మాట వదిలేస్తాం. నేను చేసింది అదే.

ఇప్పుడు సరిగ్గా ఎలా చేయాలో చూద్దాం. కంపోస్టుకి కావలసినవి నాలుగు. తిండి కలయిక, నీళ్లు, గాలి, కుప్ప సైజు. ఈ నాలుగూ కుదిరితే వేడి దానంతట అదే పుడుతుంది. ఎవరూ నిప్పు పెట్టక్కర్లేదు, ఏ ఖరీదైన మందూ కొనక్కర్లేదు.

మొదట తిండి కలయిక. కుప్ప మొత్తంలో 1 వంతు నత్రజనికి 25 నుంచి 30 వంతుల కర్బనం ఉండాలి. ఎండు వరిగడ్డిలో ఇది సుమారు 80కి 1. ఆవు, గేదె పేడలో సుమారు 20కి 1. పచ్చి గ్లైరిసిడియా ఆకులో ఇంకా తక్కువ, 15 లోపే. కోళ్ల ఎరువులో కూడా తక్కువే. రంపపు పొట్టులో అయితే కొన్ని వందలు ఉంటుంది, అందుకే అది త్వరగా చివకదు.

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి, ఒక లెక్క చేద్దాం. ఇవి సుమారు అంకెలే, గడ్డిని బట్టి పేడని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి. 100 కిలోల ఎండుగడ్డి తీసుకుంటే అందులో కర్బనం 36 కిలోలు, నత్రజని 0.45 కిలో. దానికి 300 కిలోల పచ్చి పేడ కలుపుదాం. 300 అంటే చాలా అనిపిస్తుంది కానీ పచ్చి పేడలో 80 శాతం నీళ్లే. మిగిలిన 60 కిలోల్లో కర్బనం 24 కిలోలు, నత్రజని 1.2 కిలోలు. రెండూ కలిపితే కర్బనం 60, నత్రజని 1.65. భాగిస్తే 36 వచ్చింది. అంటే గడ్డికి మూడు రెట్ల పేడ కలిపినా ఇంకా నత్రజని సరిపోలేదు. చూశారా, పేడ కలిపితే చాలు అనుకుంటాం, లెక్క వేస్తే గాని తెలియదు.

దీనికి 100 కిలోల పచ్చి గ్లైరిసిడియా ఆకు కలపండి. కర్బనం 70.5, నత్రజని 2.4 అవుతుంది. భాగిస్తే 29. ఇప్పుడు కుదిరింది. గ్లైరిసిడియా లేకపోతే పూతకి ముందు కోసిన జీలుగ, జనుము, కానుగ ఆకు, ఏదైనా పచ్చి ఆకు వాడొచ్చు. ఆకు అస్సలు దొరక్కపోతే ఒక్క కిలో యూరియా నీళ్లలో కరిగించి చల్లినా లెక్క 28 దగ్గరికి వస్తుంది. సేంద్రియ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు మాత్రం యూరియా జోలికి వెళ్లకండి, ఆకే వాడండి.

ఈ 100, 300, 100 గుర్తుపెట్టుకోండి. మేం మూడింతలు చేసి 300 కిలోల గడ్డి, 900 కిలోల పేడ, 300 కిలోల ఆకుతో కుప్ప పెట్టాం. మొత్తం టన్నున్నర.

రెండోది నీళ్లు. కుప్ప తడి 50 నుంచి 60 శాతం ఉండాలి. మీటర్ అక్కర్లేదు. లోపలి నుంచి ఒక పిడికెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు వేళ్ల సందున కనబడితే సరిగ్గా ఉంది. ధారగా కారితే ఎక్కువైంది. చెయ్యి తెరవగానే పొడిపొడిగా రాలిపోతే తక్కువైంది. పేడ, ఆకు పచ్చివైతే వాటి నీళ్లే చాలావరకు సరిపోతాయి. రెండు మూడు రోజులు ఎండిన పేడైతే నీళ్లు ఎక్కువ పడతాయి. అందుకే ఇన్ని బిందెలు అని చెప్పను. పిండి చూసుకోవడమే లెక్క.

మూడోది గాలి. గాలి ఆడే కుప్పలో పనిచేసే జీవులు వేరు, గాలి ఆడని చోట పనిచేసేవి వేరు. గాలి ఆడకపోతే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, పని నెమ్మదిస్తుంది, వేడి రాదు. అందుకే వానాకాలంలో గుంత తవ్వి అందులో పోస్తే నీళ్లు నిండి పని ఆగిపోతుంది. మిట్ట మీద, నేల మట్టం మీదే కుప్ప పెట్టండి. చెట్టు నీడ ఉంటే మంచిది. బావికీ బోరుకీ దూరంగా ఉండాలి. అడుగున కంది కట్టె, మొక్కజొన్న మొదళ్లు లాంటివి అర అడుగు మందం పరవండి, కింది నుంచి గాలి వెళుతుంది.

నాలుగోది సైజు. కుప్ప మరీ చిన్నదైతే పుట్టిన వేడి పుట్టినట్టే పోతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు ఏదీ మూడడుగులకి తగ్గొద్దు. మరీ పెద్దదైతే మధ్యలోకి గాలి వెళ్లదు. వెడల్పు ఐదడుగులు, ఎత్తు నాలుగడుగులు దాటకండి. పొడవు మీ ఇష్టం. మా టన్నున్నర కుప్ప ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు వచ్చింది.

ఇప్పుడు పేర్చడం. గడ్డిని, చొప్పని ముందు ముక్కలు చేయండి. చాఫ్ కట్టర్ ఉంటే రెండు మూడంగుళాలకి కొట్టండి. లేకపోతే రోడ్డు మీద కాకుండా మీ కల్లంలో పరిచి ట్రాక్టర్ నాలుగుసార్లు తిప్పండి, నలిగినా చాలు. ఇంకా తేలికైన దారి ఏంటంటే, ఆ గడ్డినే పశువుల కింద పరవండి. తొక్కిడికి నలుగుతుంది, మూత్రం పీల్చుకుంటుంది. ఇందాక చెప్పిన పోయే సత్తువ అంతా కుప్పలోకి వస్తుంది.

అరడుగు గడ్డి, దాని మీద పచ్చి ఆకు, దాని మీద పేడని నీళ్లలో కలిపి చిక్కగా చల్లండి. మళ్లీ గడ్డి. ఇలా పైదాకా. మధ్యమధ్యలో పాత కంపోస్టు గానీ చెట్టు కింది మట్టి గానీ ఒక్కో గంపెడు చల్లితే అది తోడు వేసినట్టు. పాలకి తోడు వేస్తాం కదా, అలాగే. ఢిల్లీ ఐఏఆర్‌ఐ వాళ్ల పూసా డీకంపోజర్, ట్రైకోడెర్మా లాంటివి వేయొచ్చు, సాయం చేస్తాయి. కానీ తడి, గాలి, కలయిక తప్పితే ఏ డబ్బా కాపాడదు. చివరగా పైన తాటాకులో, కొబ్బరాకులో, పాత టార్పాలిన్‌తోనో కప్పండి. బిగించి చుట్టొద్దు, వాన ఆపితే చాలు.

మేం మొదటి కుప్ప పెట్టిన మూడో రోజు పొద్దున్నే వెళ్లి చూస్తే కుప్ప మీంచి ఆవిరి వస్తోంది. నాన్న మంటేమో అనుకుని బకెట్ పట్టుకుని వచ్చాడు. అక్కడ మొదటిసారి ఆయనకి నా పని మీద కొంచెం ఆసక్తి కలిగింది.

ఈ వేడే కంపోస్టుకి ప్రాణం. లోపల 55 నుంచి 65 డిగ్రీలు వస్తే చాలా రకాల కలుపు గింజలు, తెగులు క్రిములు, ఈగ పురుగులు చచ్చిపోతాయి. చూడడానికి ఒక ఇనుప కడ్డీ కుప్ప మధ్యలోకి గుచ్చి పది నిమిషాలు వదిలేయండి. తీసి పట్టుకుంటే చెయ్యి ఉంచలేనంత వేడి ఉండాలి. పొడవు కాడ ఉన్న థర్మామీటర్ దొరికితే ఇంకా మంచిది, రోజూ ఫోటో తీసిపెట్టుకోండి. 70 దాటితే మంచి జీవులు కూడా చచ్చిపోతాయి, వెంటనే తిరగేయాలి.

తిరగేయడం అంటే ఊరికే కెలకడం కాదు. వేడి మధ్యలోనే ఉంటుంది, అంచులు చల్లగా ఉంటాయి. అంచుల్లో ఉన్న గింజ చావదు. కాబట్టి అంచుల్లోది మధ్యలోకి, మధ్యలోది అంచులకి వచ్చేలా పక్కన కొత్త కుప్ప కట్టాలి. మొదటి తిరగేత వారానికి. ఆ తర్వాత వారం పది రోజులకొకసారి, మొత్తం నాలుగైదు సార్లు. ప్రతిసారీ పిడికిలి పిండి తడి చూడండి. తిరగేసిన రెండు రోజులకి మళ్లీ వేడెక్కితే ఇంకా తిండి ఉందని అర్థం.

ముక్కు కూడా పనిముట్టే. ఘాటుగా కళ్లు మండే వాసన వస్తే నత్రజని ఎక్కువైంది, గడ్డి కలపండి. కోళ్ల ఎరువు ఎక్కువ వేసినవాళ్లకి ఇదే వస్తుంది. సున్నం చల్లితే వాసన పోతుందని కొందరు చల్లుతారు, అలా చేయకండి. సున్నం పడితే అమోనియా ఇంకా ఎక్కువ పోతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే నీళ్లు ఎక్కువై గాలి తగ్గింది, తిరగేసి పొడి గడ్డి కలపండి. ఏ వాసనా లేదు, వేడీ లేదు అంటే తడి గానీ నత్రజని గానీ తక్కువైంది.

ఇదంతా విదేశీ పద్ధతి అనుకోకండి. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త మన ఇండోర్‌లో 1924 నుంచి 1931 వరకు పనిచేసి, యశ్వంత్ వాడ్ అనే మన శాస్త్రవేత్తతో కలిసి ఈ పొరల కుప్ప పద్ధతిని నిలబెట్టాడు. 1931లో ఇద్దరూ కలిసి పుస్తకం రాశారు. అందుకే ప్రపంచమంతా దీన్ని ఇండోర్ పద్ధతి అంటారు. తిరగేసే మనుషులు లేకపోతే మహారాష్ట్ర యవత్‌మాల్ జిల్లాకి చెందిన నారాయణ్ దేవ్‌తావ్ పాండరీపాండే కనిపెట్టిన నాడెప్ తొట్టి ఉంది. గోడల్లో కంతలు వదిలి కట్టిన ఇటుక తొట్టి, పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. కంతల్లోంచి గాలి ఆడుతుంది, తిరగేయక్కర్లేదు. కాకపోతే నాలుగు నెలలు పడుతుంది.

రెండు నెలలకి మా కుప్ప వేడి తగ్గింది. అప్పుడే తోలేయకండి. ఇంకో నెల నీడలో అలా వదిలేయాలి. మాగనివ్వాలి. కాయ పండించడానికి మాగవేస్తాం చూడండి, అలాగే.

మాగిందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు. ఒకటి, గుప్పెడు కంపోస్టు కొంచెం తడిపి ప్లాస్టిక్ కవర్‌లో గాలి లేకుండా మూడు రోజులు కట్టి పెట్టండి. విప్పినప్పుడు మట్టి వాసన వస్తే మాగింది. కుళ్లు వాసనో ఘాటు వాసనో వస్తే మాగలేదు. రెండోది, రెండు గ్లాసులు తీసుకుని ఒకదాంట్లో మామూలు మట్టి, ఇంకోదాంట్లో సగం మట్టి సగం కంపోస్టు పోసి పది పది పెసలు వేయండి. కంపోస్టు గ్లాసులో మొలకలు తక్కువ వచ్చినా, పసుపు పచ్చగా వచ్చినా ఇంకా ఆగాలి. పది పెసలతో పోయేదేం లేదు. నేను ఆ రోజు ఈ పరీక్ష చేసి ఉంటే ఆ ఎకరం పోయేది కాదు.

ఇప్పుడు నిజాయితీగా మాట్లాడుకోవాల్సిన విషయం. టన్నున్నర కుప్ప చివికి మాగేసరికి మిగిలేది మూడో వంతే, అర టన్ను దాకా. మిగతాది నీరు, బొగ్గుపులుసు వాయువుగా పోయింది. ఎకరానికి 2 టన్నులు వేయాలంటే ఇలాంటివి నాలుగు కుప్పలు కావాలి. ఆ 2 టన్నుల్లో నత్రజని మొత్తం సుమారు 20 కిలోలు. ఒక 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని కూడా దాదాపు అంతే, 20.7 కిలోలు. పైగా కంపోస్టులోది మొదటి ఏడాది కొంతే అందుతుంది, మిగతాది మెల్లగా వస్తుంది.

అయితే ఇంత కష్టం ఎందుకు? యూరియా బస్తాలో నత్రజని తప్ప ఇంకేం లేదు. కంపోస్టులో పొటాష్, భాస్వరం, జింక్, బోరాన్ లాంటివి కొంచెం కొంచెం ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, మట్టికి కర్బనం. మీ భూసార పరీక్ష కార్డు తీసి సేంద్రియ కర్బనం అన్న చోట చూడండి. 0.5 శాతం కంటే తక్కువ ఉంటే తక్కువ అని రాస్తారు. మాది తక్కువే. కర్బనం తక్కువైన నేల తడి పట్టదు, వేసిన యూరియాని కూడా నిలుపుకోదు. కంపోస్టు ఆ నేలని బాగుచేస్తుంది. అది ఒక్క పంటలో కనబడే పని కాదు.

అందుకే యూరియాని ఒక్కసారిగా ఆపేయమని నేను చెప్పను. నేను అలాగే ఆపాను. 2021లో శ్రీలంక దేశం మొత్తం రసాయన ఎరువుల దిగుమతి ఆపేసింది. వరి, తేయాకు దెబ్బతిని ఆరేడు నెలల్లోనే నిర్ణయం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కంపోస్టు పెంచుకుంటూ, భూసార పరీక్ష చూసుకుంటూ మందు తగ్గించుకోండి. వరుస అదే.

ఇంకో నాలుగు జాగ్రత్తలు. కుప్పలో కవర్లు, గుట్కా ప్యాకెట్లు, మల్చింగ్ షీటు ముక్కలు పడనివ్వకండి, అవి ఎప్పటికీ చివకవు. పత్తి కట్టె గట్టిది, ష్రెడ్డర్‌తో పొడి చేస్తే తప్ప ఈ కుప్పలో చివకదు. దాన్ని చేను గట్టు మీద కుప్పగా వదిలేస్తే గులాబీ రంగు పురుగుకి ఇల్లు ఇచ్చినట్టే. కోనసీమలో కొబ్బరి ఉన్నవాళ్లకి ఇంకో మాట, తిరగేయని పేడకుప్పలో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. తిరగేసేటప్పుడు తెల్లటి లావు పురుగులు కనబడితే ఏరేయండి. కుప్ప తిరగేసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, చేతులకి తొడుగులు వేసుకోండి.

వరిగడ్డి కాల్చేవాళ్లకి కూడా ఒక లెక్క చెప్పి ముగిస్తాను. హార్వెస్టర్ కోసి పోయాక గడ్డి ఏరించే ఖర్చు చూసి అగ్గిపుల్ల గీసేస్తున్నారు. నాకు ఆ ఇబ్బంది తెలుసు, మా చేలో కూడా ఒకప్పుడు గీశాం. కానీ ఒక టన్ను వరిగడ్డిలో నత్రజనే 5 కిలోల పైన ఉంటుంది, కాలిస్తే దాదాపు అంతా గాలిలోకి పోతుంది. మట్టికి దక్కాల్సిన కర్బనం కూడా పొగైపోతుంది. చేను మొత్తం ఏరలేకపోతే ఒక్క పది గంపలైనా తెచ్చి పశువుల కింద పరవండి.

ఇంతకీ మా సంగతి. పోయిన ఏడాది అర ఎకరానికి మాగిన కంపోస్టు టన్ను వేసి, నాన్న చెప్పినట్టు దుక్కి మందు కూడా కొంచెం తగ్గించి వేశాం. మొక్క పసుపు తిరగలేదు. కలుపు ఒక తీత తగ్గింది. దిగుబడి రెట్టింపు అయిందని చెప్పను, కాలేదు. అలా చెప్పేవాళ్లని నేను ఇప్పుడు నమ్మట్లేదు. కానీ ఆ అర ఎకరంలో పార వేస్తే మట్టి మెత్తగా దిగుతోంది, ఆ తేడా నాన్నే ముందు చూశాడు. ఇప్పుడు పొద్దున్నే కుప్పలో కడ్డీ గుచ్చి వేడి చూసేది ఆయనే. "ఇంకా అరగలేదురా, ఆగు" అంటాడు. నేను ఆగుతున్నాను.

మీరు ఒకేసారి టన్నున్నర పెట్టక్కర్లేదు. మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుతో ఒక్క చిన్న కుప్ప పెట్టి చూడండి. మూడో రోజు కడ్డీ గుచ్చండి. అది చెయ్యి కాలేంత వేడిగా ఉంటే మీరు సరైన దారిలో ఉన్నారు. ఈ వీడియోని మీరు చూడడమే కాదు, ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చూపించండి. వాళ్లకి ఇందులో సగం ముందే తెలిసి ఉంటుంది, అడిగితే చెబుతారు.